పుస్తకం ఆఫీసులో, మిషను తోటలో

మా కాలనీ గేటు పక్కన గోల్డెన్ డ్యూరాంటా వరస ఒకటి ఉంది. రెండేళ్ల కిందటిదాకా తోట చూసే పెద్దాయన దాన్ని పొడుగు పిడుల కత్తెరతో కత్తిరించేవాడు. నాలుగు రోజుల పని. తర్వాత అసోసియేషన్ వాళ్లు పెట్రోలుతో నడిచే హెడ్జ్ ట్రిమ్మర్ కొన్నారు. నాలుగు రోజుల పని ఒక్క పూటకు వచ్చేదే. కానీ మొదటి రోజే నలభై నిమిషాలు నడిచి మిషను ఆగిపోయింది. మళ్లీ తాడు లాగితే బిగుసుకుపోయి ఉంది. మెకానిక్ సిలిండర్ విప్పి పిస్టన్ తీసి నా చేతిలో పెట్టాడు. చుట్టూ నిలువు గీతలు, పిల్లి గోళ్లతో రక్కినట్టు.

"ఆయిలు కలపలేదా సార్?" అన్నాడు.

కలపాలని చెప్పే పుస్తకం మిషనుతో పాటే వచ్చింది. అది ఆఫీసు సొరుగులో, ప్లాస్టిక్ కవరు కూడా చింపకుండా, ఇంగ్లీషులో ఉంది. మిషను పట్టుకున్నాయనకు అలాంటి పుస్తకం ఒకటి ఉందన్న సంగతే తెలియదు.

ఆ పిస్టన్ పుణ్యమా అని ఈ మిషను గురించి దొరికినదల్లా చదివాను. పట్టుకుని పనిచేసేవాళ్లను కదిలించాను, బాగుచేసేవాళ్ల దగ్గర కూర్చున్నాను. తేలిందేమిటంటే, దీన్ని ఎలా బిగించాలి, ఎలా నడపాలి, ఎలా కాపాడుకోవాలి అన్న విషయాల్లో నిపుణుల మధ్య పెద్ద తగాదాలేమీ లేవు. తగాదా ఉన్నది పెట్రోలా, బ్యాటరీనా అన్న చోటే. మిగతాదంతా తెలిసిన విద్యే. ఆ విద్య ఒకరి దగ్గర, మిషను ఇంకొకరి దగ్గర ఉండిపోవడమే అసలు చిక్కు.

లోపల ఉన్నది బ్రహ్మవిద్యేమీ కాదు. మన పొలాల్లోకి వచ్చే వరి కోత మిషను ముందు భాగం చూసినవాళ్లకు సగం అర్థమైనట్టే. పళ్లున్న పట్టీ అటూ ఇటూ జరుగుతుంటే మధ్యలో పడిన కాడ తెగుతుంది. అమెరికాలో ఓబెడ్ హస్సీ 1833లో, సైరస్ మెకార్మిక్ 1834లో పేటెంటు తీసుకున్న కోత యంత్రాల్లో ఉన్న కదలికే ఇది. చాలా ట్రిమ్మర్లలో రెండు బ్లేళ్లూ ఒకదానికొకటి ఎదురుగా కదులుతాయి. వెనక 22 నుంచి 26 సీసీ ఇంజను, దానికి క్లచ్చు, క్లచ్చు ముందు గేర్ బాక్సు. ఇంజను నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు క్లచ్చు పట్టదు, బ్లేడు కదలదు. వేగం పెంచితే క్లచ్చు ముక్కలు బయటికి విచ్చుకుని డ్రమ్మును పట్టుకుంటాయి, అప్పుడు బ్లేడు ఆడుతుంది. మొత్తం బరువు ఐదారు కిలోలు. భుజానికి తెలిసే బరువే.

ఇక బిగించడం. పేరున్న కంపెనీల మిషన్లకు బ్లేడు, గేర్ బాక్సు ముందే బిగించి వస్తాయి. మనం పెట్టుకోవాల్సింది ముందు పిడి, చేతికి అడ్డుగా ఉండే రేకు, అంతే. చవక రకాలు కొన్ని ఇంజను వేరుగా, బ్లేడు వేరుగా వస్తాయి. గేర్ బాక్సును క్లచ్చు గూట్లో కూర్చోబెట్టేటప్పుడు పళ్లు కలవక సందు మిగిలితే, మనవాళ్లు చేసే మొదటి పని బోల్టులు బిగించి ఆ సందును బలవంతాన మూయడం. అలా మూస్తే గూడు చిట్లుతుంది, లేదా పళ్లు అరిగిపోతాయి. డ్రమ్మును వేలితో కొంచెం తిప్పితే తనంతట తానే కూర్చుంటుంది. అప్పుడు నాలుగు బోల్టులూ ఎదురెదురుగా, కొద్దికొద్దిగా బిగించాలి, కారు చక్రం బిగించినట్టు. ఇదంతా చేసేటప్పుడు ప్లగ్గు మీది టోపీ పీకేసి పక్కన పెట్టాలి.

బ్లేడు మీద ఒక తొడుగు ఉంటుంది. అది అన్నిటికన్నా ఆఖర్న తీయాల్సింది. మన దగ్గర అన్నిటికన్నా ముందు తీస్తారు, పదును చూద్దామని.

వెనక పిడి దగ్గర రెండు మీటలు ఉంటాయి. అరచేత్తో పైదాన్ని అదిమితేనే కిందిది, అంటే వేగం పెంచేది, కదులుతుంది. చెయ్యి జారినప్పుడు బ్లేడు ఆగిపోవాలనే ఆ ఏర్పాటు. పై మీటను సైకిల్ ట్యూబు ముక్కతో శాశ్వతంగా కట్టేసిన మిషన్లు నేనే చూశాను. అదేంటని అడిగితే "రోజంతా నొక్కితే చెయ్యి గుంజుతుంది సార్" అన్నారు. నిజమే, గుంజుతుంది. కానీ ఈ మిషను మీద వేళ్లను కాపాడేవి రెండే రెండు: ముందున్న రేకు, ఈ మీట. వాటిలో ఒకటి ట్యూబు ముక్క పాలైంది. వెనక పిడి తిరిగే మోడలైతే ఇంకో పరీక్ష కూడా చేయాలి. పిడిని ఎటు తిప్పినా కేబులు బిగుసుకోకుండా, మీట వదలగానే వెనక్కి రావాలి.

మొదటిసారి స్టార్టు చేసేటప్పుడు మిషన్ని నేల మీద పెట్టి, బ్లేడు దేనికీ తగలకుండా చూసి, ముందు పిడిని గట్టిగా అదిమి పట్టి తాడు లాగాలి. తాడును చేతికి చుట్టుకోకూడదు, లాగాక పిడిని వదిలేయకుండా చేత్తోనే వెనక్కి పోనివ్వాలి. ఇంజను అందుకున్నాక చూడాల్సినవి రెండు. మీట ముట్టకుండా ఉంటే బ్లేడు నిశ్చలంగా ఉందా? స్విచ్చు కొడితే ఇంజను ఆగుతోందా? ఊరికే ఉన్నప్పుడు కూడా బ్లేడు పాకుతుంటే కార్బొరేటర్ మీది ఐడిల్ స్క్రూ తగ్గించాలి. తగ్గించినా ఆగకపోతే క్లచ్చు స్ప్రింగు పోయిందన్నమాట, ఆ మిషన్ని షెడ్డులోంచి బయటికి తేకూడదు. స్విచ్చు పనిచేయని మిషన్ని చోక్ వేసి ఆపుకుంటూ నడిపేవాళ్లూ ఉన్నారు. బ్రేకు లేని బండిని చెట్టుకు గుద్ది ఆపడం లాంటిదది.

ఇక మా పిస్టన్ని మింగిన సంగతికి వస్తాను.

లూనా, చేతక్ నడిపిన తరానికి టూ స్ట్రోక్ అంటే చెప్పక్కర్లేదు. బంకులో పెట్రోలు పక్కనే ఆయిలు కూడా కొలిచి పోయించుకునేవాళ్లం. ఆ బళ్లు రోడ్ల మీంచి పోయాక ఆ అలవాటూ పోయింది. ఇవాళ పాతికేళ్ల కుర్రాడికి పెట్రోలు ట్యాంకులో ఆయిలు పోయడమంటే తప్పుగానే తోస్తుంది. బైకులో ఇంజన్ ఆయిలు వేరే గదిలో ఉంటుంది కదా మరి. టూ స్ట్రోక్ ఇంజనుకు ఆ గది లేదు. పెట్రోలుతో కలిసి లోపలికి వెళ్లిన ఆయిలే బేరింగులను, పిస్టన్ను తడుపుతూ పోవాలి. ఆయిలు లేని పెట్రోలు పోస్తే ఇంజను స్టార్టవుతుంది, చక్కగా తిరుగుతుంది కూడా. అందుకే ఎవరికీ అనుమానం రాదు.

ఎంత కలపాలన్నది మిషన్ని బట్టి, ఆయిలును బట్టి ఉంటుంది. యాభైకి ఒకటి అంటే లీటరు పెట్రోలుకు 20 మిల్లీలీటర్లు. ఇరవైఐదుకు ఒకటి అంటే 40. ఎక్కువ కలిపితే మంచిదేగా అనుకోవద్దు. పొగ పెరుగుతుంది, ప్లగ్గు నల్లబడుతుంది, సైలెన్సరు నోట్లో ఉండే సన్నటి జాలీ మసితో మూసుకుపోతుంది. డబ్బా మీద జాసో ఎఫ్‌డీ అని గుర్తున్న టూ స్ట్రోక్ ఆయిలైతే నిశ్చింత. ఇంట్లో మిగిలిన బైకు ఇంజన్ ఆయిలు పోయకూడదు, అది కాలడానికి చేసింది కాదు. ఫోర్ స్ట్రోక్ ట్రిమ్మర్లు కూడా ఉన్నాయి, వాటిలో పెట్రోలుకు ఏదీ కలపకూడదు. కొన్న మిషను ఏ రకమో మూత మీది బొమ్మ చూసి తెలుసుకోవాలి. మూత మీద పెట్రోలు పంపు గుర్తుతో పాటు ఆయిలు చుక్క కూడా ఉంటే అది కలిపి పోయాల్సిన మిషను.

ఈ లెక్కకు ఈమధ్య ఇంకో ముడి పడింది. 20 శాతం ఇథనాల్ కలిపిన ఈ20 పెట్రోలు 2023 ఫిబ్రవరిలో మన బంకుల్లోకి రావడం మొదలై, 2025 కల్లా దేశమంతా పరుచుకుంది. ఈ చిన్న మిషన్ల పుస్తకాలు చాలావాటిలో ఇథనాల్ 10 శాతం మించకూడదని రాసి ఉంటుంది. ఇథనాల్ నీటిని లాక్కుంటుంది. వానాకాలం గాల్లో తేమకు సగం ఖాళీగా ఉన్న క్యాను చాలు. నీరు ఓ హద్దు దాటాక ఇథనాల్, నీరు కలిసి అడుక్కి చేరతాయి, పెట్రోలు పైన తేలుతుంది. కలిపిన ఆయిలు ఎటు పోతుంది? పెట్రోలుతో పాటు పైకి. ట్యాంకులో పీల్చే గొట్టం ఎక్కడుంటుంది? అడుగున. అంటే ఆయిలు కలిపామన్న ధీమాతో ఉన్నాం గానీ ఇంజను మాత్రం ఆయిలు లేని ద్రవం తాగుతోంది. దీనికి తోడు కార్బొరేటర్లో డయాఫ్రమ్ అనే పల్చటి పొర ఒకటి ఉంటుంది. మిషన్ని ఎటు వంచినా పెట్రోలు అందేది దాని పుణ్యమే. పాత రకం రబ్బరైతే ఇథనాల్‌కు గట్టిపడి పని మానేస్తుంది.

కార్లకు ఈ20 మంచిదా కాదా అన్న చర్చ జోరుగా సాగుతోంది, అందులోకి నేను పోను. ట్రిమ్మర్ సంగతిలో మాత్రం మామూలు బంకులో మనకు వేరే దారి లేదు కాబట్టి, పాటించగలిగినవి మూడే. ఆ వారానికి సరిపడా మాత్రమే కలపడం, కలిపిన నెల రోజుల్లోపు వాడేయడం, పక్కన పెట్టేముందు ట్యాంకు ఖాళీ చేసి ఇంజను దానంతట అది ఆగేదాకా నడపడం. మూడోది చేయనివాళ్లే ఎక్కువ. ఎండాకాలమంతా మిషను మూలన పడి ఉంటుంది. మృగశిర కార్తె వచ్చి నాలుగు వానలు పడ్డాక మొక్కలు ఎగబాకుతాయి, అప్పుడు మిషను గుర్తొస్తుంది. తాడు లాగి లాగి భుజం పడిపోతుంది గానీ అది అందుకోదు. లోపల పెట్రోలు ఆరిపోయి జిగురైపోయి ఉంటుంది. జూన్లో మెకానిక్ షాపుల ముందు వరస కట్టే ట్రిమ్మర్లలో చాలావాటి జబ్బు ఇదే.

పెట్రోలు పోసుకునే తీరు గురించి ఒక మాట. సీసాల్లో పోయం పొమ్మంటారు బంకులో. దాంతో పనివాళ్లు బైకు ట్యాంకులో గొట్టం పెట్టి నోటితో పీలుస్తారు. గుటక జారి ఊపిరితిత్తుల్లోకి నాలుగు చుక్కలు వెళ్లినా ఆసుపత్రి పాలే. తీసిన పెట్రోలును కూల్‌డ్రింకు సీసాలో నింపి చెట్టు నీడన పెడతారు, పక్కనే మంచినీళ్ల సీసా. ఓ క్యాను కొనిపెట్టడానికి యజమానికి ఎంత ఖర్చవుతుంది? ట్యాంకు నింపేటప్పుడు ఇంజను చల్లారాలి, ఎందుకంటే ట్యాంకుకూ కాలుతున్న సైలెన్సరుకూ మధ్య జానెడు దూరం కూడా ఉండదు. నింపిన చోటే స్టార్టు చేయకుండా కనీసం మూడు మీటర్లు పక్కకు జరగమంటారు. బీడీ సంగతి చెప్పక్కర్లేదనుకున్నాను గానీ, చూశాక చెప్పాలనిపిస్తోంది.

రోజువారీ సేవ తక్కువే. ఎయిర్ ఫిల్టరు స్పాంజీ సబ్బునీళ్లతో కడిగి బాగా ఆరబెట్టడం, సిలిండర్ రెక్కల మధ్య ఇరుక్కున్న ఆకు తీయడం, గేర్ బాక్సుకు ఇరవై, ఇరవైఐదు గంటలకోసారి గ్రీజు. ప్లగ్గు సందు సాధారణంగా 0.6 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది. ఈ ఇంజనుకు నీటి చల్లదనం లేదు, గాలే దిక్కు. ఆ రెక్కలు ఆకుతో మూసుకుపోతే, మే నెల ఎండలో నిలబడి కంబళి కప్పుకున్నట్టే దాని పరిస్థితి.

బ్లేడు దగ్గర కాస్త ఆగుదాం. రెండు పట్టీలను కలిపి ఉంచే బోల్టులు వరసగా ఉంటాయి. అవి వదులైతే పట్టీల మధ్య సందు వచ్చి, కొమ్మ తెగకుండా మధ్యలో నలిగి ఇరుక్కుంటుంది. మరీ బిగిస్తే పట్టీలు రాసుకుని కాగిపోతాయి, క్లచ్చు మీద భారం పడుతుంది. పద్ధతి ఏమిటంటే, బోల్టును పూర్తిగా బిగించి, పావు నుంచి అర చుట్టు వెనక్కి వదిలి, అది కదలకుండా పట్టుకుని నట్టు బిగించాలి. మా పెద్దాయన దీన్ని రెండో రోజుకే పట్టేశాడు. కత్తెరకు మధ్య మేకు ఎంత బిగువుండాలో ముప్ఫై ఏళ్లుగా తెలిసిన చెయ్యి అది. పదును పెట్టేటప్పుడు ఆకురాయి పంటి ఏటవాలు వైపే, లోపల్నుంచి బయటికి, ఉన్న వాలును మార్చకుండా నడవాలి. రెండు పట్టీలు ఆనుకునే చదును వైపు రాయి పెట్టకూడదు. గన్నేరు లాంటి పాల మొక్కలు కోసిన రోజు బ్లేడుకు జిగురు పడుతుంది. తుడిచి నూనె రాయకపోతే తెల్లారేసరికి రెండు పట్టీలూ అతుక్కుపోతాయి. గన్నేరు పాలు విషం కాబట్టి చేతులకు గ్లవ్స్ ఉండాలి, కోసిన కొమ్మల్ని అక్కడే తగలబెట్టకూడదు. ఆ పొగా మంచిది కాదు.

పళ్ల మధ్య ఎడం అంగుళం పైనే ఉంటుంది. చూపుడు వేలంత కొమ్మ అందులో ఇమడాలి కదా. కొమ్మ ఇమిడిన చోట వేలూ ఇముడుతుంది. వేళ్లు తెగేది కోస్తున్నప్పుడు కాదు, ఎక్కువగా ఇరుక్కున్న కొమ్మను లాగేటప్పుడు. బ్లేడు ఆగిపోయింది కదా అని చెయ్యి పెడతారు. ఇంజను ఇంకా తిరుగుతూనే ఉంటుంది, కొమ్మ వదలగానే బ్లేడు కదులుతుంది. ఆపి, ప్లగ్గు టోపీ పీకి, అప్పుడే ముట్టాలి. ఇది అరనిమిషం పని. రోజుకు ఇరవైసార్లు ఇరుక్కుంటే పది నిమిషాలు. కాంట్రాక్టరు మీటర్ల లెక్కన డబ్బిస్తుంటే ఆ పది నిమిషాలు కూలివాడి జేబులోంచి పోతాయి. అందుకే జాగ్రత్త అనేది ఒక్క పనివాడి స్వభావం మీద వదిలేసే విషయం కాదంటాను.

కోసేముందు వరస వెంబడి ఒకసారి నడిచి చూడటం మన దగ్గర మరీ అవసరం. దీపావళికి చుట్టిన లైట్ల తీగ లోపల మిగిలిపోయి ఉంటుంది. పాత ఇనుప కంచె తీగ కొమ్మల్లో కలిసిపోయి ఉంటుంది. కందిరీగల గూడు, పాము ఉంటే చెప్పేదేముంది. పొడుగు కర్రతో తట్టి చూడమంటాడు పెద్దాయన, ఆ మాట ఏ కంపెనీ పుస్తకంలోనూ నాకు కనపడలేదు. నిచ్చెన ఎక్కి కోయొద్దని మాత్రం అన్ని పుస్తకాలూ చెబుతాయి. రెండు చేతులూ మిషను మీదే ఉన్నప్పుడు నిచ్చెనను పట్టుకునేది ఎవరు?

కనపడని దెబ్బలు వేరే ఉన్నాయి. 85 డెసిబెల్స్ శబ్దంలో ఎనిమిది గంటలు ఉండొచ్చని, ప్రతి 3 డెసిబెల్స్‌కూ ఆ సమయం సగమవుతుందని అమెరికా వృత్తి భద్రతా పరిశోధన సంస్థ నియోష్ లెక్క. ఆ లెక్కన 94 దగ్గర ఒక్క గంట, 100 దగ్గర పావుగంట. చెవి దగ్గర పెట్రోలు ట్రిమ్మర్ ఈ రెండో కొసకే దగ్గరగా మోగుతుంది. ఇక అదురు. అమెరికాలోని ఇండియానా రాష్ట్రం బెడ్‌ఫోర్డ్ సున్నపురాయి గనుల్లో గాలి సుత్తులు పట్టిన పనివాళ్ల వేళ్లు తెల్లబడి చచ్చుబడటాన్ని ఆలిస్ హామిల్టన్ అనే డాక్టరు 1918లో పరిశీలించి రాసింది. ఐరోపాలో 2002 నాటి ఆదేశం ఒకటి చేతి అదురుకు హద్దు పెట్టింది: ఎనిమిది గంటల పనికి సగటున సెకను వర్గానికి 5 మీటర్లు మించకూడదు, 2.5 దాటగానే యజమాని చర్య మొదలుపెట్టాలి. వేళ్లు తెల్లబడటానికి చలి తోడు కావాలి, తిమ్మిరికి అక్కర్లేదు. సాయంత్రం చొక్కా గుండీ పెట్టుకోవడం కష్టంగా ఉందని, హైవే డివైడర్ మీది మొక్కలు కోసే ఓ కూలీ నాతో అన్నాడు. వయసు ముప్ఫై లోపే. పిడికీ ఇంజనుకూ మధ్య ఉండే రబ్బరు ముక్కలు అరిగిపోయాయేమో చూడమన్నాను. "అలాంటివి ఉంటాయా?" అన్నాడు.

ఇంత తతంగం ఉన్నప్పుడు పెట్రోలు ఎందుకన్నది న్యాయమైన ప్రశ్నే. టూ స్ట్రోక్‌లో పోసిన పెట్రోలులో పావు వంతు నుంచి మూడో వంతు దాకా కాలకుండానే బయటికి పోతుంది. కాలిఫోర్నియా 2021లో చట్టం చేసి, 2024 మోడళ్ల నుంచి ఇలాంటి చిన్న ఇంజన్ల కొత్త అమ్మకాలకు పొగ లేనివే ఉండాలంది. అక్కడ ఇళ్లు కొనుక్కున్న మన వాళ్లు కొత్తగా ట్రిమ్మర్ కొనాలంటే ఎక్కువగా బ్యాటరీదే దొరుకుతుంది. నా మట్టుకు నాకు అపార్టుమెంటుకు, ఇంటి తోటకు బ్యాటరీయే సరైనదనిపిస్తుంది. చప్పుడు తక్కువ, పెట్రోలు కలిపే గొడవ లేదు, మా పిస్టన్ లాంటి కథలు ఉండవు. కిలోమీటర్ల కొద్దీ సాగే హైవే డివైడర్ మీద ఛార్జింగ్ ఎక్కడ పెడతారు? అక్కడ ఇంకొన్నాళ్లు పెట్రోలే నడుస్తుంది. ఒక్కటి మర్చిపోవద్దు. బ్యాటరీ మిషను బ్లేడు కూడా అంతే కోస్తుంది, పైగా నిశ్శబ్దంగా ఉండి మీట నొక్కిన మరుక్షణం కదులుతుంది. ఇరుక్కున్నప్పుడు బ్యాటరీ ఊడదీసి ముట్టాలి.

ఐరోపా యంత్రాల నిబంధన ఒకటి, 2006 నాటిది, నాకు చాలా నచ్చింది. యంత్రం ఏ దేశంలో అమ్మితే ఆ దేశపు అధికార భాషలో వాడకం పుస్తకం ఇవ్వాల్సిందే. ఎస్టోనియాలో అమ్మితే ఎస్టోనియన్‌లో. ఆ భాష మాట్లాడేవాళ్లు పదకొండు లక్షలు. మన తెలుగు మాట్లాడేవాళ్లు 2011 లెక్కల ప్రకారమే ఎనిమిది కోట్ల పైన. ట్రిమ్మర్ పెట్టెలో తెలుగు కాగితం ఒక్కటైనా ఉన్నదాన్ని నేనింకా చూడలేదు.

మేం కొత్త పిస్టన్ వేయించాం. పుస్తకంలోని నాలుగు పేజీలు తెలుగులో రాసి షెడ్డు తలుపుకు అతికించాను. పెద్దాయన చూసి, "ఇరవై మిల్లీలీటర్లంటే ఎంత సార్, చెంచాడా?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. ఆయనే మర్నాడు మెడికల్ షాపు నుంచి సూది లేని 20 మిల్లీలీటర్ల సిరంజి ఒకటి తెచ్చాడు. ఇప్పుడది షెడ్డులో మేకుకు వేలాడుతుంటుంది. లీటరు క్యానుకు ఒక సిరంజి. నింపాక వెలుగుకు ఎత్తి పట్టుకుని, బుడగ పైకి పోయేదాకా గోటితో కొడతాడు, అచ్చం కాంపౌండరులా.